పంపు విప్పించే ముందు నాలుగు పొద్దులు గమనించండి

ప్రశ్న: సార్, మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. నా దగ్గర 2011 మోడల్ డీజిల్ పికప్ ఉంది. కంప్యూటర్‌తో డీజిల్ చిమ్మే కామన్ రైల్ కాదు, మెకానికల్ పంపుతో నడిచే పాత డీఐ ఇంజన్. సీజన్‌లో తెల్లవారుజామున టమాటా లోడు వేసుకుని మార్కెట్‌కి పోతాను. బండి ఘాట్‌లో కూడా బాగా లాగుతుంది. స్టార్టింగ్ ఒక్కటే తలనొప్పి. ఒకరోజు అర సెల్ఫ్‌కే పడుతుంది. ఇంకోరోజు సెల్ఫ్ గిర్రున తిరుగుతూనే ఉంటుంది గానీ ఐదారుసార్లు కొట్టినా ఇంజన్ అందుకోదు. అలాంటప్పుడు డీజిల్ లైనులో ఉండే చిన్న హ్యాండ్ పంపు కొడితే కొన్నిసార్లు వెంటనే స్టార్ట్ అవుతుంది. మార్కెట్‌లో లోడు దించి గంట తర్వాత తాళం తిప్పితే ఒక్కోసారి సెల్ఫ్ బరువుగా మూలుగుతుంది, నలుగురు తోస్తే గానీ పని కాదు. రాత్రి ఇంటి ముందు వాలు మీద, మూతి పైకి ఉండేలా పెడతాను. ఈ ఏడాది కొత్త బ్యాటరీ వేయించాను, సెల్ఫ్ మోటార్ పని చేయించాను, తేడా లేదు. ఇప్పుడు మా మెకానిక్ ఇంజన్‌కి డీజిల్ కొట్టే ఇంజక్షన్ పంపు, దాన్ని లోపల చిమ్మే నాజిల్స్ చేయించాల్సిందే, 30 వేలు దాటుతుంది అంటున్నాడు. చేయించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. ఆ 30 వేలు జేబులోనే ఉంచుకోండి. మీరు రాసిన నాలుగు మాటల్లోనే పంపుకి సర్టిఫికెట్ ఉంది. అరిగిపోయిన పంపు ఒకరోజు బాగుండి మర్నాడు పాడవ్వదు. దాని అరుగుదల ఒకే దిక్కుకి పోతుంది: పికప్ తగ్గుతుంది, లోడు మీద పొగ మారుతుంది, ఇంజన్ వేడెక్కాక స్టార్ట్ చేయడం ప్రతిసారీ కష్టమవుతుంది. మీ బండి లోడుతో ఘాట్ లాగుతోంది, సగం రోజులు అర సెల్ఫ్‌కే పడుతోంది. ఇన్నేళ్ల బండి పంపు కొత్తదానిలా ఉందని నేననను. ప్రస్తుత తగాదా మాత్రం దానిది కాదనే నా అంచనా.

అసలు సంగతి ఏమిటంటే, మీరు ఒక రోగం చెబుతున్నాననుకుంటూ రెండు చెప్పారు. పొద్దున్న సెల్ఫ్ బాగా తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు, హ్యాండ్ పంపు కొడితే అందుకుంటోంది. అది డీజిల్ వైపు సమస్య. మార్కెట్‌లో సెల్ఫే బరువుగా తిరుగుతోంది, తోస్తే స్టార్ట్ అవుతోంది. అది కరెంటు వైపు సమస్య. రెండూ చివరికి ‘బండి స్టార్ట్ కావట్లేదు’ అనే ఒక్క మాటతోనే షెడ్డుకి చేరతాయి. మెకానిక్ కరెంటు వైపు ఏదో చేస్తాడు, మర్నాడు పొద్దున్న డీజిల్ వైపు సమస్య ఎదురవుతుంది, మీరు ‘తేడా లేదు’ అంటారు. బ్యాటరీ, సెల్ఫ్ డబ్బు అలా పోయింది. పంపు డబ్బు కూడా అదే దారిన పోయేలా ఉంది.

డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదని మీకు తెలుసు. పిస్టన్ గాలిని సుమారు పదిహేడు, పద్దెనిమిదో వంతుకి నొక్కితే ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, అందులోకి నాజిల్ చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే నొక్కిన గాలి వేడి సిలిండర్ గోడల్లోకి పోతుంది, కొంత గాలి రింగుల పక్కనుంచి జారిపోతుంది. డీజిల్ సరిగ్గా వస్తున్నా అంటుకోదు. సెల్ఫ్ ఎంత బాగా తిరిగినా డీజిల్‌లో గాలి కలిసిందంటే నాజిల్ చిమ్మదు. అందుకే మొండికేసిన ప్రతిసారీ మొదట చూసుకోవాల్సినవి రెండే: సెల్ఫ్ చప్పుడు, సైలెన్సర్ పొగ.

చప్పుడు చెవితో గుర్తుపెట్టుకోవడం కష్టం. బాగా స్టార్ట్ అయిన రోజు ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. మొండికేసిన రోజు ఇంకోటి చేయండి. రెండూ పక్కపక్కన వింటే సెల్ఫ్ వేగం ఒకటేనా, తగ్గిందా అన్నది ఎవరికైనా తెలిసిపోతుంది. పొగ చూడటానికి వెనక ఒకరిని నిలబెట్టండి, లేదంటే ఫోన్‌ను ఎక్కడైనా ఆనించి వీడియో ఆన్ చేసి వచ్చి సెల్ఫ్ కొట్టండి. సెల్ఫ్ బాగా తిరుగుతూ సైలెన్సర్ నుంచి పొగే రాకపోతే ఇంజన్ లోపలికి డీజిల్ చేరడం లేదు. తెల్లటి పొగ గుప్పుగుప్పున వస్తూ స్టార్ట్ కాకపోతే డీజిల్ చేరుతోంది, మండటం లేదు. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. ఏ షెడ్డుకి పోయినా ముందు ఈ వీడియో చూపించండి. బండి షెడ్డుకి పోయినప్పుడు మాత్రం బుద్ధిగా ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది కదా, అందుకు.

వీడియోతో పాటు ఒక చిన్న నోట్‌బుక్ డ్యాష్‌బోర్డు మీద పెట్టుకోండి. టైము, ఇంజన్ చల్లగా ఉందా వేడిగా ఉందా, బండి వాలు మీద ఉందా చదునుగా ఉందా, ట్యాంకులో డీజిల్ ఎంత ఉంది, సెల్ఫ్ చప్పుడు, పొగ. ఇంతే. వారం తిరిగేసరికి ఏ రోజు ఎందుకు మొండికేస్తోందో కాగితం మీదే కనబడుతుంది. ఇది రాయమంటే చాలామంది నవ్వుతారు, ఇదేమన్నా ఆస్పత్రా అని. ఉండి ఉండి వచ్చే ట్రబుల్‌ని పట్టుకోవడానికి ఇంతకన్నా చవకైన పనిముట్టు నాకైతే తెలియదు.

ఇప్పుడు పొద్దున్న సమస్య. మీరు మామూలుగా రాసేసిన ఒక మాట నాకు అన్నిటికన్నా పెద్ద ఆధారంలా అనిపించింది: మూతి పైకి ఉండేలా పెడతాను అన్నారు. ట్యాంకు వెనక కింద ఉంటుంది, పంపు ముందు పైన ఉంటుంది. మూతి ఎత్తి పెడితే ఆ ఎత్తు తేడా ఇంకా పెరుగుతుంది. పైపులో ఎక్కడైనా చిన్న సందు ఉంటే రాత్రంతా దాంట్లోంచి గాలి లోపలికి పోతుంది, ఆ మేరకు డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున్న సెల్ఫ్ కొడితే పంపుకి అందేది గాలి. హ్యాండ్ పంపు కొట్టినప్పుడు మీరు చేస్తున్నది ఆ జారిపోయిన డీజిల్‌ని మళ్లీ పైకి తేవడమే. బాగా స్టార్ట్ అయిన రోజులు బహుశా ట్యాంకు నిండుగా ఉన్న రోజులో, బండిని రోడ్డు మీద చదునుగా పెట్టిన రోజులో, రాత్రి పొద్దుపోయి వచ్చి రెండు మూడు గంటల్లోనే మళ్లీ తీసిన రోజులో అయి ఉంటాయి. చూసుకోండి.

ఇది నిజమా కాదా తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. నాలుగు రాత్రులు బండిని తిప్పి, మూతి కిందికి ఉండేలా పెట్టండి. హ్యాండ్ బ్రేకుతో పాటు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టడం మరవకండి. నాలుగు పొద్దులూ అర సెల్ఫ్‌కే పడితే గాలి పడుతోందన్నది దాదాపు తేలిపోయినట్టే. తర్వాత మళ్లీ మూతి పైకి పెట్టి రెండు రాత్రులు చూడండి. ట్రబుల్ తిరిగొస్తే ఇక పంపు మాట ఎత్తకండి.

గాలి ఎక్కడ పడుతోందో వెతకడం కొంచెం ఓపిక పని. ట్యాంకు నుంచి డీజిల్ లాగి ఫిల్టర్‌కి పంపేది ఫీడ్ పంపు. ట్యాంకు నుంచి ఆ ఫీడ్ పంపు దాకా ఉన్న పైపు లాగుడు వైపు. ఇంజన్ నడుస్తున్నప్పుడు అందులో ఉండేది పీల్పు, ఒత్తిడి కాదు. అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి కారదు, బయటి గాలి లోపలికి పోతుంది. అందుకే ‘అంతా చూశాం, ఎక్కడా లీకేజీ లేదు’ అనే మాట ఈ భాగానికి పనికిరాదు. కారకపోవడమే దాని గుణం. కొన్నిచోట్ల జాయింట్ చుట్టూ కాస్త తడి, దాని మీద నల్లటి దుమ్ము పేరుకుని ఉంటుంది. అది కనిపిస్తే అదృష్టం. చాలాసార్లు అదీ ఉండదు.

చేయాల్సింది ఇది. డీజిల్ ఫిల్టర్ నుంచి ఇంజక్షన్ పంపుకి పోయే పైపు చోట తాత్కాలికంగా ఒక పారదర్శకమైన పైపు వేయించండి. డీజిల్‌కి తట్టుకునే రకం కావాలి, ఆక్వేరియం పైపులు పనికిరావు. రెండు కొసలా క్లిప్పులు గట్టిగా బిగించాలి, లేకపోతే మీరు వేసిన పైపే కొత్త సందు అవుతుంది. వేశాక హ్యాండ్ పంపు కొట్టి లైనులోని గాలి తీసి, కొద్దిసేపు ఇంజన్ నడిపి ఆపేయండి. నిండా డీజిల్ కనిపించాలి. పొద్దున్నే సెల్ఫ్ కొట్టకముందే టార్చి వేసి చూడండి. పైపు సగం ఖాళీగా, లోపల గాలి జానెడు మేర కనిపిస్తే ఇక సాక్ష్యం అక్కర్లేదు. స్టార్ట్ అయ్యాక కూడా చూడండి. మొదట ఒకటి రెండు బుడగలు పోయి ఆగిపోతే అది లెక్కలోకి రాదు. బుడగలు దండలా ఆగకుండా వస్తూనే ఉంటే సందు ఇంకా తెరిచే ఉందన్నమాట.

అక్కడి నుంచి వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. మొదట హ్యాండ్ పంపునే అనుమానించండి. ఏళ్ల తరబడి కొట్టీ కొట్టీ దాని లోపలి రబ్బరు గట్టిపడి పగులుతుంది. మీలా తరచూ కొట్టేవాళ్ల బండిలో ఇంకా త్వరగా. కొన్ని బండ్లలో కొట్టాక పైన పిడి మరలా తిప్పి బిగించాలి, అది వదులుగా వదిలేసినా గాలి పడుతుంది. తర్వాత ఫిల్టర్ పైమూత దగ్గరి రబ్బరు రింగు. ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ కొత్త రింగు వేయాలి, చాలామంది పాతదే తిప్పి వేస్తారు. తర్వాత పైపుల కొసల్లో బోల్టుకి రెండు వైపులా ఉండే రాగి వాషర్లు. ఒకసారి నలిగిన రాగి వాషర్ రెండోసారి సరిగా కూర్చోదు. వాటి ఖరీదు పదుల రూపాయల్లోనే ఉంటుంది, మార్చడానికి బద్ధకించకండి. ఛాసిస్ పక్కన పోయే రబ్బరు పైపులు క్లాంపుల కింద ఒరుసుకుని సన్నగా చీలతాయి, వంచి చూస్తే తప్ప కనబడవు. ట్యాంకు పైన డీజిల్ లాగే ఇనుప గొట్టం తుప్పు పట్టి సూది మొనంత చిల్లు పడినా ఇదే కథ. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ట్రబుల్ లేకుండా, పావుకి దిగినప్పుడు వస్తుంటే ఆ గొట్టాన్ని చూడాలి. నాజిల్స్ మీద సన్నటి రిటర్న్ పైపులు ఉంటాయి, ఇంజన్ వేడికి అవి ఎండిపోయి పెళుసుబారతాయి. అవి కూడా మార్పించేయండి.

సందు ఏ భాగంలో ఉందో విడదీయడానికి హ్యాండ్ పంపే పనికొస్తుంది. హ్యాండ్ పంపు కొట్టినప్పుడు దాని ముందున్న భాగంలో, అంటే ఫిల్టర్ నుంచి ఇంజక్షన్ పంపు దాకా, ఒత్తిడి పుడుతుంది. అక్కడ సందు ఉంటే ఇప్పుడు డీజిల్ చెమర్చి బయటికి కనబడుతుంది. అన్నీ పొడిగుడ్డతో తుడిచి, ఒకరు కొడుతుంటే ఇంకొకరు టార్చితో చూడాలి. ఎక్కడా తడి లేదంటే సందు హ్యాండ్ పంపులోనో, దాని వెనక ట్యాంకు వైపో ఉంది. అది కూడా తేల్చుకోవాలంటే ట్యాంకుని పక్కన పెట్టి, శుభ్రమైన డీజిల్ ఉన్న డబ్బాని పంపు కన్నా ఎత్తులో కట్టి, దాన్నుంచి నేరుగా ఫీడ్ పంపుకి పైపు ఇచ్చి చూస్తారు. ఒక రాత్రి అలా వదిలి, పొద్దున్న హ్యాండ్ పంపు పొడిగా ఉండి అర సెల్ఫ్‌కే పడితే దోషం చాలావరకు ట్యాంకు వైపు పైపుదే. డబ్బా డీజిల్ ఇంజన్ వేడి భాగాల మీద ఒలకని చోట కట్టాలి. ఈ పరీక్ష చేస్తున్నంతసేపూ బండిని రోడ్డెక్కించకండి.

కంప్రెసర్ గాలిని నేరుగా డీజిల్ లైనులోకి కొట్టి లీకేజీ వెతికేవాళ్లు ఉన్నారు. లైను విడదీసి, చాలా తక్కువ ఒత్తిడితో చేస్తే మంచి పద్ధతే. టైర్లకి కొట్టినట్టు కొడితే ఉన్న సందుతో పాటు కొత్తవి తయారవుతాయి.

గాలి సంగతి చూస్తూనే ఫిల్టర్ కింద నీళ్లు వదిలే స్క్రూ తిప్పి ఒక గాజు గ్లాసులోకి కొంచెం దించండి. అడుగున నీళ్లు, చెత్త కనిపిస్తే ఫిల్టర్ మార్చండి. ట్యాంకు మూత తీసేటప్పుడు ‘ఉస్సు’మని గాలి లాక్కుంటే మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయింది, అది కూడా డీజిల్‌ని వెనక్కి పట్టి ఉంచుతుంది.

మార్కెట్ సమస్య దగ్గరికి వద్దాం. సెల్ఫ్ బరువుగా తిరిగింది, తోస్తే పట్టింది అన్నారు. తోస్తే పట్టిందంటే డీజిల్ సరిగ్గానే ఉంది, ఇంజన్ కూడా బాగానే ఉంది. అడ్డంకి బ్యాటరీకీ ఇంజన్‌కీ మధ్య ఎక్కడో ఉంది. మీరు బ్యాటరీ, సెల్ఫ్ రెండూ చూపించారు. ఆ రెంటినీ కలిపే తీగల్ని ఎవరూ చూసినట్టు లేదు.

కొన్ని వందల్లో దొరికే డిజిటల్ మీటర్ ఒకటి కొనండి. ఇల్లు, మోటార్ షెడ్డు అన్నిటికీ పనికొస్తుంది. రాత్రి నిలిపిన బండిలో పొద్దున్నే బ్యాటరీ మీద 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 చూపిస్తే సగమే ఉన్నట్టు. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. రాకపోతే కొత్త బ్యాటరీ వేసినా లాభం లేదు, డైనమో నింపడం లేదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ మీదే రీడింగు 9.6 కన్నా కిందికి పోకూడదు.

ఇక్కడిదాకా చాలామంది చూస్తారు. అసలు పరీక్ష తర్వాతిది. మీటర్ ఒక కొసని బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద పెట్టండి, బిగించిన క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే. రెండో కొసని ఇంజన్ బ్లాకు మీద శుభ్రమైన ఇనుము తగిలేలా పట్టుకోండి. ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఆ క్షణంలో మీటర్ 0.2, 0.3 వోల్టులు దాటకూడదు. ఒక వోల్టు చూపించిందంటే, సెల్ఫ్‌కి పోవాల్సిన కరెంటులో ఒక వోల్టు ఎర్త్ దారిలోనే, అంటే ఇంజన్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే దారిలోనే, వేడై పోతోందని లెక్క. అలాగే బ్యాటరీ పాజిటివ్ పోస్టుకీ, సెల్ఫ్ మోటార్ లావు బోల్టుకీ మధ్య పెట్టి చూడండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు అర వోల్టు దాటితే ఆ కేబుల్‌లోనో, దాని కొసల్లోనో దోషం ఉంది. ఈ పరీక్ష సెల్ఫ్ మూలిగే సమయంలోనే చేయాలి. చల్లటి పొద్దున చేసి ‘అన్నీ బాగున్నాయి’ అనుకుంటే మళ్లీ మొదటికొస్తారు. మీటర్ని బండిలోనే పెట్టుకుని మార్కెట్‌కి పోండి.

నా అనుమానం ఎర్త్ మీద. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఛాసిస్‌తో దానికి కరెంటు సంబంధం ఉండదు. ఆ సంబంధం కోసం అల్లిన రాగి పట్టీ ఒకటి కింద బిగించి ఉంటుంది. టమాటా క్రేట్లు మోసే బండి కింద ఎప్పుడైనా తల పెట్టి చూశారా? నలిగిన కాయల రసం కారి, దాని మీద ఎర్రమట్టి అంటి, కడిగిన నీళ్లతో మళ్లీ నాని, ఆ పట్టీ పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. చేత్తో వంచితే పోగులు పుటుక్కుమని రాలిపోతాయి. ఇంజన్ వేడికి అలాంటి పట్టీలో అడ్డంకి ఇంకా పెరుగుతుంది, సెల్ఫ్‌కి కావాల్సిన కరెంటు మోయలేకపోతుంది. చల్లారాక మళ్లీ పని చేస్తుంది. పట్టీ కొత్తది వేయించి, బిగించే చోట పెయింటూ తుప్పూ గీకి, బిగించాక పైన గ్రీజు రాయించండి. బ్యాటరీ టర్మినల్ క్లాంపు వదులైందని మధ్యలో మేకు దిగగొట్టి బిగించిన బండ్లు మన దగ్గర లెక్కలేనన్ని. మీదీ అలాగే ఉంటే ఆ క్లాంపు మార్చేయండి.

తీగలన్నీ బాగున్నాయని మీటర్ చెబితే, అప్పుడు సెల్ఫ్ మోటార్. ‘పని చేయించాను’ అంటే ఏం చేశారో అడగండి. కార్బన్ బ్రష్‌లు మార్చి ఇచ్చేస్తే చాలదు. ఇరుసు ఆనే బుష్‌లు అరిగితే లోపల తిరిగే ఆర్మేచర్ పక్కకి వాలి లోపల రాసుకుంటుంది, వేడెక్కాక ఇంకా ఎక్కువ. చల్లగా ఉన్నప్పుడు బాగా తిరిగి వేడిలో మూలిగే మోటార్ చాలావరకు ఇదే. ‘టక్’ అని ఒక్క చప్పుడు వచ్చి అసలు తిరగకపోతే సెల్ఫ్ మీదుండే సోలనాయిడ్ (కరెంటుతో పని చేసే అయస్కాంత స్విచ్) లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయి ఉంటాయి.

ఇంకోటి ఉంది, మూడో దొంగ. మీ ఇంజన్ తాళం తీయగానే ఆగిపోతుందా, లేక ఆపడానికి వేరే నాబ్ లాగుతారా? తాళంతోనే ఆగితే పంపు మీద డీజిల్ ఆపే సోలనాయిడ్ ఒకటి ఉంటుంది. చాలా బండ్లలో కరెంటు ఉన్నంతసేపే అది డీజిల్‌ని వదులుతుంది. తాళం ఆన్ చేయగానే పంపు దగ్గర ‘టిక్’ అని చిన్న చప్పుడు రావాలి. సెల్ఫ్ బాగా తిరుగుతూ, పైపులో గాలి లేకుండా, సైలెన్సర్ నుంచి పొగే రాని రోజు ఒకటి మీ నోట్‌బుక్‌లో కనిపిస్తే ఈ సోలనాయిడ్ వైరుని చూడాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా అక్కడ టెస్ట్ లాంపు వెలుగుతూనే ఉండాలి. ఇగ్నిషన్ స్విచ్ అరిగితే ఆన్ పొజిషన్‌లో కరెంటు ఇచ్చి, స్టార్ట్ పొజిషన్‌కి తిప్పగానే కట్ చేస్తుంది. తాళం వదిలేశాక మళ్లీ ఇస్తుంది. సెల్ఫ్ వదిలేసే క్షణంలో ఇంజన్ ఒక్కసారి అందుకోబోయినట్టు దగ్గితే అది దీని గుర్తే.

మిగిలినవి త్వరగా చెబుతాను. చలిలో సిలిండర్‌ని ముందే వేడి చేసే హీటర్ ప్లగ్గులు మార్చమని ఎవరైనా అంటే ముందు మీ ఇంజన్‌కి అవి ఉన్నాయో లేదో చూపించమనండి. పాత డీఐ ఇంజన్లు చాలావాటికి ఉండవు, మన వాతావరణంలో అవసరమూ రాదు. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కే పట్టు, పోయిందంటే ప్రతి చలి పొద్దునా తెల్లపొగతో సతాయిస్తుంది, ఆయిల్ తాగుతుంది, ఒకరోజు వదిలి ఒకరోజు రాదు. చలికాలంలో మీ దగ్గర పొద్దున్నే గట్టి చలి ఉంటుంది కాబట్టి ఇంజన్ ఆయిల్ మరీ చిక్కటి గ్రేడు వేశారేమో డబ్బా చూడండి. కంపెనీ చెప్పిన గ్రేడే వేయండి. రాత్రంతా నిలిపితే బ్యాటరీ దిగుతుంటే పాటల సిస్టమ్, చార్జర్, జీపీఎస్ లాంటివి ఏవి నేరుగా బ్యాటరీకి కలిపారో వెతకండి. ఈ జవాబు చదివే వాళ్లలో కామన్ రైల్ బండి ఉన్నవాళ్లు మాత్రం పైపుల్ని విప్పి ఈ పరీక్షలు చేయకండి. వాటిలో ఒత్తిడి చాలా ఎక్కువ, ఇంజన్ నడుస్తుండగా సన్నగా చిమ్మిన డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. వాటికి కంప్యూటర్ స్కానర్ పెట్టి చూడాల్సిందే.

స్టార్ట్ కాకపోతే ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టడం, స్ప్రే కొట్టడం అలవాటు చేసుకోకండి. పట్టిన రోజు బాగానే ఉంటుంది. పిస్టన్ పైకి రాకముందే అది అంటుకుంటే పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు దెబ్బతింటాయి. ఇంటేక్‌లో హీటర్ ఉన్న ఇంజన్ అయితే మంట మీ మొహం మీదికే వస్తుంది. సెల్ఫ్ కూడా ఒక్కసారికి పది, పదిహేను సెకన్లు మించి కొట్టకండి, మధ్యలో ఒక నిమిషం ఆగండి. అలా ఆగకుండా కొట్టడం వల్లే బాగున్న సెల్ఫ్ మోటార్లు కాలిపోతాయి. స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ బోల్టులు కలిపి స్టార్ట్ చేసేవాళ్లు గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడరు. బండి అలా ముందుకి దూకి మనుషుల్ని నలిపేస్తుంది. ఆ పని మీ ముందు ఎవరు చేయబోయినా ఆపండి.

ఇవన్నీ చూశాక, పైపులో గాలి లేదు, సెల్ఫ్ బాగా తిరుగుతోంది, సోలనాయిడ్‌కి కరెంటు అందుతోంది, అయినా మొండికేస్తోందంటే అప్పుడు పంపు దగ్గరికి వెళ్లండి. రోటరీ రకం పంపు అయి, ఇంజన్ వేడి మీద మాత్రమే ట్రబుల్ ఇస్తుంటే ఒక పరీక్ష ఉంది. ఇంజన్ ఆపి, పంపు మీద తడిగుడ్డ కప్పి కాసేపు చల్లారనివ్వండి. తర్వాత వెంటనే పడితే లోపలి భాగాలు అరిగాయన్నమాట. వేడికి డీజిల్ పలచబడి ఆ సందుల్లోంచి జారిపోతోంది. నడుస్తున్న ఇంజన్ మీద చన్నీళ్లు మాత్రం పోయకండి, పంపు పట్టేస్తుంది.

పంపు విప్పించాల్సి వస్తే దాన్ని ఇంజక్షన్ పంపు టెస్ట్ బెంచ్ ఉన్న షాపుకే ఇవ్వండి. విప్పకముందు ఒకసారి బెంచ్ మీద ఎక్కించి, సెల్ఫ్ వేగంలో ఎంత డీజిల్ ఇస్తోందో చూపించమనండి. ఆ రీడింగు కంపెనీ చెప్పిన లెక్కలో ఉంటే విప్పొద్దని చెప్పి, బెంచ్ చార్జీ ఇచ్చి తిరిగి తెచ్చుకోండి. విప్పితే మార్చిన పాత సామానంతా సంచిలో వేసి ఇవ్వమని ముందే మాట తీసుకోండి. నాజిల్స్‌ని కూడా ఒక్కొక్కటిగా టెస్టర్ మీద పెట్టి, పొగమంచులా చిమ్ముతోందా, చుక్కలు కారుతోందా మీ కళ్లతో చూడండి. నాలుగూ మార్చాలా, ఒక్కటి చాలా అన్నది అక్కడే తెలుస్తుంది.